చుక్క

కళ్యాణదుర్గం తాలూకాఫీసు వెనక
నాపబండల దిమ్మె మీద
వాన కొలిచే డబ్బా.
పొద్దున ఎనిమిదిన్నరకు మూత తీసేది నేను.
ఇరవయ్యేండ్లుగా అదే పని.
ఎక్కువసార్లు దాంట్లో ఉండేది
ఒక ఎండిన తూనీగ.

ఆయన వస్తే వాన వస్తుందని
మొదట గోడలు చెప్పినాయి.
తర్వాత ఆటోలు.
ఆ తర్వాత శెట్టూరు బస్సులో
పక్క సీటాయన చెప్పినాడు.
మైకు చెప్తే నవ్వినోళ్ళం
పక్క సీటాయన చెప్తే తలూపినాం.

వచ్చినాడు.
ఆరుద్ర కార్తెలో ఒక సాయంత్రం నాలుగు తుంపర్లు.
కొలిచి రాసినా:
రెండు, చుక్క, నాలుగు మిల్లీమీటర్లు.
దుమ్ము అణగడానికి కూడా చాలదు.
"ఈ చుక్క నాకు కనపడ్డంలేదే" అన్నాడు సారు
కండ్లద్దాలు తుడుచుకుంటా.
అట్ల అన్నాడే గానీ తీసేయమని చెప్పలేదు.
నేనే తీసినా.
ఒక్క చుక్క తీస్తే
ఇరవై నాలుగైంది వాన.

రాత్రి రేడియోలో మా ఊరి పేరు వినపడింది.
నాగరత్న గబగబా పోయి
దండెం మీది బట్టలు తీసుకొచ్చింది.
నేను చూస్తానే ఉండినా.

కుందుర్పోళ్ళు అనుకున్నారు, బెళుగుప్పలో పడిందని.
బెళుగుప్పోళ్ళు అనుకున్నారు, కంబదూరులో పడిందని.
కంబదూరోళ్ళు కుందుర్పి దిక్కు చూసి
మెరుపు కూడా కనపడిందన్నారు.
ప్రతి ఊరికీ పక్కూర్లో పడింది.
తన చేనొక్కటే ఎండిందని
ప్రతి మనిషీ తల దించుకున్నాడు.

స్టోర్లో బియ్యంతో పాటు గొడుగులిచ్చినారు.
గొడుగు నిండా ఆయన నవ్వు.
ఎండకు తాళలేక అవే పట్టుకుని పోతాంటే
హెలికాప్టర్లోంచి ఫొటో తీసినోళ్ళకు
ఊరూరంతా వానలో ఉన్నట్టే ఉండాది.
నా చిన్నకూతురు మబ్బు బొమ్మకు
ఆయన మీసాలు పెట్టింది.
వందకు వంద.

బొమ్మలింగప్ప ఒక్కడే
పెరికిన శనక్కాయ చెట్టు తెచ్చి
టేబుల్ మీద పెట్టినాడు.
"ఊడలు దిగలేదు సారూ. కరువు రాయండి."
సారు నా పుస్తకం తిప్పి చూపించినాడు.
ఇరవై నాలుగు. ముప్పై ఒకటి. నలభై.
నా రాత గుండ్రంగా ఉంటాది,
బళ్ళో బహుమానమిచ్చినారు దానికి.
బయట వరసలో నిలబడినోళ్ళు
(వాళ్ళ చేలూ అంతే)
"అందరికీ పడిన వాన నీకే పడలేదా,
ఏం పాపం చేసినావప్పా" అన్నారు.
పోలీసులు రాలేదు.
వాళ్ళతో పనే పడలేదు.

మరుసటేడు ఓట్లు పెట్టలేదు.
వాన పడతాంటే ఓట్లెందుకని అడిగింది మైకు.
నిజమే కదా అనిపించింది నాకు.
అనిపించిందనే చెప్తాండా, దాచను.

ఆ తర్వాత నేను మటుకు అబద్ధం రాయలేదు.
బిందె పది రూపాయల నీళ్ళలోంచి
చెంబుడు తెచ్చి డబ్బాలో పోసి,
కొలిచి,
కొలిచిందే రాసినా.
పారబోసిన నీళ్ళ కోసం ఒక కాకి అలవాటు పడింది.
ఆ ఏడు మా తాలూకాలో
వానతో బతికింది అదొక్కటే.

ఉత్తర కార్తెలో ఒక మధ్యాహ్నం
నిజంగా వాన.
బజార్లో జనం నిలబడిపోయినారు.
తడుస్తానే మైకు స్తంభం దిక్కు చూస్తాండారు,
పడిందని చెప్తుందా లేదా అని.
మైకు నోరు తెరవలేదు.
ఆ పొద్దు లెక్క ముందే వచ్చేసింది పైనుంచి,
అరవై రెండు.
ఒక్కరూ గొడుగు విప్పలేదు.
పూలమ్మే సుంకులమ్మ మటుకు
అరచెయ్యి చాపి, నాలికతో తాకి
"వానే" అనింది,
దొంగసొత్తు దాచిన చోటు చెప్పినట్టు.

ఆఫీసులోకి ఉరికి పుస్తకం తెరిచినా.
నా జుట్టు మీంచి ఒక చుక్క జారి
ఆరుకూ రెండుకూ నడుమ పడింది.
సిరా ఇంకా తడిగానే ఉండాది.
గభాల్న తువాలుతో అద్దినా.

ఇంకా
అద్దుతానే ఉండా.